ఏడ్చే అక్షరాలు

మంగళవారం, కార్తీక శుద్ధ విదియ, పార్థివ సంవత్సరం

ప్రమాథి సంవత్సరంలో అంగడి మైదానం డేరాలో నేను చెప్పింది తప్పు కాదు. ఈ మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. రాయడం మాత్రం ఇదే మొదలు. నూలు కంట్రోలులో పడి మగ్గం సగం దినాలు ఖాళీగా ఉంటోంది, చేతులు ఊరుకోవు. నా అక్షరాలు కోడి గీరినట్టుంటాయి. ఉండనీ. చదివేది నేనొక్కణ్ణే.

నేను వెంకటనర్సును. ఏడుపు నర్సును కాదు.

డేరా మళ్లీ వచ్చింది. యుద్ధం పేరు చెప్పి ఆరేళ్లు ఏ సినిమా బొమ్మా చండూరు ముఖం చూడలేదు. ఈ పొద్దున అదే సేటు, అదే బండి, అదే చిరుగుల గుడ్డ. గుంజలు పాతుతున్నారు. చూసి వచ్చి నేరుగా ఈ పుస్తకం తీశాను. ఏం జరిగిందో వరుసగా రాసుకుంటాను. మా వాడలో ప్రతివాడూ ఒక్కో తీరుగా చెప్తాడు, ఒక్కడూ నిజం చెప్పడు.

బొమ్మ మొదలయ్యే ముందు పేర్లు వస్తాయి. వేషాలు కట్టినవాళ్లవి, పాటలు పాడినవాళ్లవి. నేను మూడు అక్షరాలు కూడబలుక్కునేసరికి ఆ పేరు పోయి ఇంకో పేరు వస్తుంది, కాబట్టి నేను పేర్లు చదవను. అక్షరాల పోకడ చూస్తాను. రాతిలో చెక్కినట్టుండి గంటలు మోగితే దేవుడి బొమ్మ. కత్తుల్లా మొనలు తేలి డోళ్లు మోగితే రాజుల కొట్లాట. పక్కకు వాలి, వెనక మోటారు కూస్తే పట్నం పిల్ల, ఆఖరుకు పశ్చాత్తాపం. గాజుల చెయ్యి ఒకటి పుస్తకం పేజీలు తిప్పితే పేద సంసారం. వెనక సముద్రం కనిపించిందంటే ఎవడో ఒకడు మునుగుతాడు. దీపం కదలకుండా వెలిగితే తల్లి బతుకుతుంది, రెపరెపలాడితే తల్లి మీద ఆశ వదులుకోవచ్చు.

ఇందులో మాయ లేదు. మా నేతలో ఉన్నదే. పెండ్లి చీర పట్టినప్పుడు ముందు జానెడు నేసి ఆపుతాం. పెండ్లివాళ్లు వచ్చి ఆ జానెడు చూసి, అంచు తడిమి, సరే అంటారు. ఆ తర్వాతే మిగిలింది నేస్తాం. చూపించిన జానెడు ఒకటై, ఇచ్చిన చీర ఇంకొకటైతే ఆ నేతగాణ్ణి కులంలో ఎవడూ భోజనాల బంతిలో కూర్చోనివ్వడు. పేర్లు బొమ్మకు మొదటి జానెడు. అది చూస్తే తక్కింది తెలియకేం?

కాబట్టి పేర్లు వస్తుండగానే లేచి నిలబడి చెప్పేవాణ్ణి. డేరా అంతా వినేది. చెప్పింది చెప్పినట్టు జరిగేది. మగవాళ్లు నా పక్కన జాగా కోసం తోసుకునేవాళ్లు.

ఆ రోజు వచ్చిన అక్షరాలు ఏడుస్తున్నాయి. నిజంగానే. ప్రతి అక్షరం కింద బొట్టు బొట్టు కారుతోంది, వెనక దీపం రెపరెపలాడుతోంది, సారంగి గొంతు పిసికినట్టు మూలుగుతోంది. నేను లేచి, "ఆడోళ్లు కొంగులు సదురుకోండ్రి, ఇది ఏడుపు బొమ్మ. తల్లి పోతది, పిల్ల దిక్కులేనిదైతది" అని చెప్పాను. మా వాడ నర్సింగమ్మ అప్పుడే రొమ్ము బాదుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక లావుపాటి మనిషి వచ్చి మజ్జిగ కాగులో పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. ఆఖరుదాకా పడుతూనే ఉన్నాడు. ఒక్క చావు లేదు.

ముందు బొమ్మను చూసి నవ్వారు. తర్వాత నన్ను చూసి నవ్వారు. ఇంటికి పోయేసరికి నాకు ఏడుపు నర్సు అని పేరు పడింది. పెట్టింది పక్కింటి దశరథ, వరుసకు నాకు బావ. పేరు పడితే పడింది. కాని పెండ్లి చీర ఏడుపు నర్సు నేశాడంటే పెండ్లివాళ్లు ఒప్పుకుంటారా? శకునం బాగాలేదంటారు. ఒకరి వెనక ఒకరు మానుకున్నారు. ముప్పై ఏళ్లు పెండ్లి చీరలు నేసిన చెయ్యి ఆరేళ్లుగా తువ్వాళ్లు నేస్తోంది.

చెప్పింది తప్పు కాదు. అక్షరాలు ఏడ్చాయి. నేను చూశాను.

బుధవారం

ఉన్న కాస్త నూలుతో ఒక తువ్వాలు పూర్తిచేసి, తడిపి దండెం మీద ఆరేశాను. చివర నా గుర్తు వేశాను. ఒక ఎర్ర పోగు, రెండు పసుపు, మళ్లీ ఎరుపు. తువ్వాలైనా సరే, గుర్తు గుర్తే.

డేరా వచ్చిందని అండాలుకు చెప్పాను. కండె చుడుతోంది. "గా మిషను తిప్పేటాయన ఎవరు, పాతాయననే?" అని అడిగింది. పాతవాడే, ఖాజా అన్నాను. పుటుక్కున దారం తెంపింది. కాపురానికి వచ్చిన నాటినుంచి నా పెండ్లాం దారం తెంపడం నేను చూడలేదు. ముసలిదైపోతోంది పాపం.

గురువారం

పొద్దున్నే దశరథ కర్ర ఆనించుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కండ్లు మసకబట్టి వాడు మగ్గం దిగి రెండేళ్లయింది. నోటికి మాత్రం మసక రాలేదు.

"ఏం బావా, డేరా వచ్చిందట. ఆడోళ్లను కొంగులు ఉతికి పెట్టుకోమంటవా?"

"ముందు నువ్వు నీ కండ్లు కడుక్కో."

"నాయి పోయినయి, సరే. నీయి ఉండి ఏం జూసినయి? మజ్జిగల పడ్డోన్ని జూసి శవమన్నవు."

"పేర్లు అట్ల ఉండె."

"పేర్లకేమెరుక బావా, అవి పేర్లు."

చేతిలో మగ్గం నాడె ఉంటే విసిరేవాణ్ణే. లోపలినుంచి అండాలు మజ్జిగ తెచ్చింది వాడికి. మజ్జిగే తేవాలా. వాడు చెంబు చూసి నవ్వి నవ్వి దగ్గాడు. దగ్గు తగ్గాక గొంతు మార్చాడు.

"ఒక మాట బావా. మాఘమాసంల నా మనుమరాలి పెండ్లి. నా చెయ్యితోని నేద్దామనుకున్న, కండ్లు ఒప్పుకుంటలేవు. ఈ వాడల నీ అసుంటి చెయ్యి లేదని నాకు ఎరుక."

"ఎరుకైతే అడుగు."

"ఎట్ల అడుగుత? వియ్యపోళ్లు నీ పేరు వింటే లగ్గం వాపస్ తీసుకుంటరు."

"గా పేరు పెట్టింది ఎవడురా?"

"నేనే పెట్టిన. నేనే తీస్త. శనివారం నా పక్కన కూసో. పేర్లు వచ్చేటప్పుడు బొమ్మ ఏందో చెప్పు. నిజమైతదా, నడిబజార్ల నిలబడి నేనే అంట, నర్సు బావ చూపు పోలేదని. పెండ్లి చీర నీ మగ్గం మీదనే. తప్పు చెప్పినవా, చచ్చేదాంక ఏడుపు నర్సువే, మల్ల నన్ను తిట్టొద్దు."

సరే అన్నాను. లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది.

వాడు పోయాక అండాలు అంది, "పోయినకాడ నోరు మూసుకొని బొమ్మ జూస్తే ఏం పోతది?"

"పెండ్లి చీర పోతది."

నా మర్యాద గురించి దానికి ఎంత ఫికరో, ముఖం పాలిపోయింది.

శుక్రవారం

డేరా దగ్గరికి పోయాను, పగటిపూట. ఖాజా మిషను డబ్బా ముందు కూర్చొని బీడీ తాగుతున్నాడు. గడ్డం పెరిగింది.

"సలాం చాచా. మీరు ఏడు..." అని ఆగిపోయాడు.

"వెంకటనర్సు" అన్నాను.

"హా, వెంకటనర్సు చాచా. బాగున్నరా? అవ్వ బాగున్నదా?"

మా ముసలిదాని సంగతి వీడికెందుకు అనుకుంటూ చూశాను కదా, వాడి మెడలో తువ్వాలు. మాసి మసిగుడ్డయింది. అయినా అంచు నాది. చివర ఒక ఎర్ర పోగు, రెండు పసుపు, మళ్లీ ఎరుపు. ఆ ఎరుపు పెండ్లి చీర ఎరుపు. ప్రమాథిలో ఒక పెండ్లి పడుగులో మిగిలిన నూలుతో నా కోసం నేసుకున్న తువ్వాలు అది. అప్పట్లో నేను తువ్వాళ్లు నేసేవాణ్ణి కాదు, ఆ ఒక్కటే. యాదగిరిగుట్టకు కప్పుకొని పోయాను. మెట్ల మీద కునుకు తీస్తే, లేచేసరికి లేదు. కోతి ఎత్తుకపోయిందని అండాలు చెప్పింది. ఆరేళ్లుగా కోతి కనబడితే రాయి అందుకుంటున్నాను.

"ఈ తువ్వాలు ఎక్కడిదిరా?"

వాడు మెడలోంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇదా? ఎవరో ఇచ్చిన్రు చాచా. ఎప్పటిదో."

ఇంటికి వచ్చి అండాలుకు చెప్పాను, పోయిన తువ్వాలు కనబడిందని. పొయ్యిలోకి వంగి ఊదుతోంది. చాలాసేపు ఊదింది.

"కోతి దగ్గర తీసుకున్నడేమో" అంది.

"కోతి ఇస్తదా?"

"గుట్ట కోతులు. వాటికి అన్నీ ఎరుక."

కావచ్చు. కోతి పారేస్తే ఎవరికో దొరికి ఉంటుంది, వాళ్లు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు, అట్లా చేతులు మారి ఖాజా మెడకు చేరింది. బట్టకేం, ఎక్కడికైనా పోతుంది. ఆ వారమే మంచిది కాదు. గుట్టమీద తువ్వాలు పోయింది, తిరిగి వచ్చిన వారంలోనే డేరాలో పేరు పోయింది.

శనివారం

ఈ రోజే. మీసం దువ్వుకున్నాను. అండాలు నాకు గటక ఎక్కువ పెట్టింది. నోటినిండా పెట్టుకొని పోతే మాట్లాడననుకుందేమో.

ఆదివారం

నిన్నటిది రాయాలి.

డేరా నిండింది. మధ్యలో గుడ్డ కట్టి ఆడవాళ్లను అటు, మగవాళ్లను ఇటు కూర్చోబెట్టారు. దశరథ నా చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు. "నువ్వు చెప్పు, నేను వింట" అన్నాడు. మా వెనక మేకలు కాసే పిల్లగాడు పెద్దులు. వాడి చెవులకు గోడవతలి మాట కూడా వినబడుతుంది.

గ్రామఫోను ఆపారు. మిషను కిర్రుమంది. పేర్లు.

ఒక అక్షరం నడుస్తూ వచ్చి కాలు జారి పక్కదాని మీద పడింది. అది లేచి ఇంకోదాన్ని తన్నింది. వెనక బాకా ముసలాడు తుమ్మినట్టు మోగింది. డోలు, నేల మీద కుండ దొర్లినట్టు. గుడ్డివాడైనా చెప్తాడు, దశరథ కూడా చెప్పగలడు. నేను లేచి నిలబడి, "ఇది నవ్వుల బొమ్మ. ఎవరికీ ఏం గాదు. అందరు పడతరు, అందరు లేస్తరు" అన్నాను.

లావుపాటి మనిషి వచ్చాడు. మజ్జిగ కాగులో పడ్డాడు.

నాకు ముందు సంతోషమైంది, తర్వాత గుర్తుపట్టాను. అదే మనిషి, అదే కాగు. అది ఆ పాత బొమ్మే.

"ఇది ఆరేండ్ల కిందటిదే గదనే తాతా" అన్నాడు వెనకనుంచి పెద్దులు. "ఇది నవ్వుల బొమ్మని మా మేకకు గూడ ఎరుక."

డేరా గొల్లుమంది. దశరథ నా చెయ్యి తట్టాడు.

"చూసిన బొమ్మకు జోస్యం ఏంది బావా? ఇది లెక్కకు రాదు."

"ఒరే, ఆనాడు ఈ పేర్లు గావురా. ఆనాడు అక్షరాలు కారుతుండె. దీపముండె. ఇవి దుంకుతున్నయి. బొమ్మ అదే, పేర్లు వేరే."

"ఏండ్లు మీదపడ్డయి బావా. మనిద్దరికీ."

చుట్టూ ఉన్నవాళ్లను అడిగాను. ఒక్కడికీ గుర్తులేదు. నేను ఏడవమన్నది అందరికీ గుర్తుంది, అక్షరాలు ఏడ్చింది ఎవరికీ గుర్తులేదు.

బయటికి వస్తుంటే దశరథ చెప్పాడు, బుధవారం ఆఖరి ఆట అట, కొత్త బొమ్మ, ఈ జిల్లాలో ఎవరూ చూడనిది. దానికి చెప్పు, అది లెక్క అన్నాడు. గురువారం తెల్లారి డేరా ఎత్తేస్తారు.

ఇంకొకటి. అండాలు నవ్వితే నాకు గుడ్డకు అవతలున్నా తెలుస్తుంది, గొంతులో పావురం ఉంటుంది దానికి. నిన్న ఆ మనిషి అన్నిసార్లు పడినా పావురం పలకలేదు.

సోమవారం

చీరకు ఒక అంచు నేసి, దాన్ని కోసి, ఇంకో చీర అంచు కుట్టేవాడు ఉంటాడా? నిన్న పగలంతా ఇదే ఆలోచన. నేతలో ఉండడు. కాని బొమ్మ నేత కాదు కదా.

ఖాజా దగ్గరికి పోయాను. చేతిలో బ్లేడు, పక్కన అతికించే మందు సీసా, ఒడిలో రీలు. తెగిన చోట కోసి అంటిస్తున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇంత తేలికా.

"ఖాజా, ఆనాడు నువ్వు పేర్లు మార్చినవు."

బ్లేడు ఆగింది. "తోబ తోబ, నేనెందుకు మారుస్త చాచా?"

"అదే అడుగుతున్న. నేను పోలీసు పటేలుకాడికి పోను. సేటుకు చెప్పను. నాకు నిజం గావాలె."

వాడు డేరా వైపు చూశాడు, నా వైపు చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, నా తువ్వాలుతో.

"ఒక అవ్వ వచ్చింది చాచా."

"ఏ అవ్వ?"

"ముసుగేసుకున్నది."

"మా వాడ అవ్వలు ముసుగెప్పుడు వేసిన్రురా?"

"చలి పెట్టిందేమో."

నేను వాడి ఎదురుగా చతికిలబడ్డాను. వాడే చెప్పుకొచ్చాడు. వాళ్ల దగ్గర అప్పుడు రెండు బొమ్మలున్నాయట. ఒకటి ఇక్కడ ఆడే నవ్వులది, ఇంకోటి నల్లగొండలో ఆడవలసిన ఏడుపుది. ఆ అవ్వ వచ్చి, ఒక్క ఆటకు ఆ పేర్లు తీసి ఈ బొమ్మ ముందు పెట్టమన్నదట. బొమ్మ పేరున్న ముక్క మాత్రం దానిదే ఉంచాడట, చదువొచ్చినవాడు ఒకడన్నా ఉంటాడని.

"ఏడుపు పేర్లని ఆమెకెట్ల తెలిసె?"

"రీలు ఎండకు పట్టి చూపించిన చాచా. ఒక్కొక్క ముక్క చూసింది. సముద్రమున్నది వద్దన్నది. పువ్వులున్నది వద్దన్నది. కారే అక్షరాలు చూసి, ఇగో ఇవి, ఇవి చూస్తే ఆయన ఆగలేడు అన్నది."

"ఏ ఆయన?"

"ఆమె పెనిమిటి చాచా. ఆయన నోరు ఒక్కనాడన్న మూతబడాలె అన్నది. నాకు ఈ తువ్వాలు ఇచ్చింది."

ఇంటికి వచ్చాను. మా వాడలో పెనిమిటి నోరు మూయించాలనుకునే ఆడది ఒక్కతి ఉందా? నర్సింగమ్మ ఉంది. ఆ రోజు అంత తొందరగా ఎందుకు రొమ్ము బాదుకుంది? దశరథ పెండ్లాం ఉంది, వాడి నోటికి ఎవరైనా అదే కోరుకుంటారు. ఆ తువ్వాలు కోతి దగ్గర దొరికి ఉంటుంది వాళ్లలో ఎవరికో.

సోమవారమే, మళ్లీ

నర్సింగమ్మను అడిగాను, గుట్టకు ఎప్పుడు పోయినవని. ఎన్నడూ పోలేదంది. దశరథ పెండ్లాం కూడా పోలేదు. ప్రమాథిలో మా వాడనుంచి గుట్టకు పోయింది మేమిద్దరమే.

కోతి ఒంటరిగానే గుట్ట దిగి మా వాడకు వచ్చి ఉండాలి.

మంగళవారం

పొద్దున అండాలు రాట్నం ముందు కూర్చుంది. నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని ఊరికే కూర్చున్నాను. అప్పుడు నేను, చేతిలో పన్లేనివాడు అడిగినట్టు అడిగాను.

"రీలు ఎండకు పట్టి జూస్తే అక్షరాలు ఎట్ల కనబడతయో."

"తలకిందులుగ" అంది. "మల్ల ఆయన తిప్పి పట్టుకుంటే..."

రాట్నం ఆగింది.

నేను దాని వైపు చూడలేదు. గుంతలోకి చూశాను. గుంతలో నా కాళ్లున్నాయి, ముసలి కాళ్లు.

"కోతి అన్నవు గదనే" అన్నాను ఆఖరుకు.

"ఏమనాలె మరి?"

"ఆరేండ్లు, అండాలూ. ఆరేండ్లు కోతులను కొట్టిన."

"రెండు మూడిటికి తగిలింది గూడ" అంది. పెదవి బిగబట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికా, ఏడుపా, నాకు తెలియలేదు. అక్షరాల్లో తెలిసేది దాని ముఖంలో నాకు తెలియదు, ఇది ఒప్పుకోవాల్సిందే.

తర్వాత తనే చెప్పింది. ఇంత పొడుగు మాట అది మాట్లాడగా నేను వినలేదు, వినే తీరిక నాకు ఉండేదా అని దశరథ అయితే అంటాడు.

"ఏడాదికి ఒక్కపారి వస్తది డేరా. జొన్నలు ఇసిరి, కండెలు చుట్టి, పొద్దుగూకక ముందే వంట జేసి, ఉరికి ఉరికి పోయి కూసుంట. గా పిల్ల బతుకుతదా, సస్తదా అని నా గుండె కొట్టుకోవాలె. దానికే గద నేను పోయేది. నువ్వేమో పేర్లప్పుడే లేస్తవు, పిల్ల సస్తది అంటవు. ఇగ నేనేం జూడాలె? తెల్లగుడ్డ జూడాలె."

"నేను చెప్పింది నిజం గాదా?"

"నిజమే. అందుకే గద. అబద్ధం జెప్తే నాకేం బాధ?"

నేను ఖాళీ నాడెను ఇటునుంచి అటు ఒకసారి తోశాను.

"ఒక్కనాడు నవ్వుతరు, నువ్వు నోరు మూసుకుంటవు అనుకున్న" అంది. "పెండ్లి చీరలు పోతయని నాకేమెరుక? పేరు గట్ల అంటుకుంటదని నాకేమెరుక?" మళ్లీ రాట్నం తిప్పింది. "తువ్వాలు నూలు చుట్టినప్పుడల్లా నాకు చేతులు మండుతయి."

కంట్రోలు కొట్టు నూలు గరుకుగా ఉంటుంది, మండుతాయి మరి. నేను ఆ మాటే అన్నాను. అది నా వైపు చూసింది.

ఇప్పుడు సంగతి ఇదీ. దశరథను పిలిచి, ఖాజాను పిలిచి, అండాలు చేత చెప్పిస్తే ఏడుపు నర్సు అన్న పేరు సాయంత్రానికి పోతుంది. పొద్దు గూకేసరికి ఇంకో పేరు వస్తుంది, పెండ్లాం నోరు మూయించిన నర్సు అని. దశరథ దానికి పాట కూడా కడతాడు. కాబట్టి చెప్పను. నాకు మిగిలింది రేపటి ఆటే. కొత్త బొమ్మ. పేర్లు చూసి నిజం చెప్పాలి, మాఘంలో ఆ పిల్ల ఒంటిమీద నా చీర ఉండాలి. జానెడు ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను, ఎరుపులో పసుపు.

ఇంతవరకు బాగానే ఉంది. బుధవారం ఆరేసిన తువ్వాలు తీయడమే మరిచాను, మధ్యాహ్నం పెరట్లోకి పోయాను. దండెం ఖాళీ.

"దండెం మీది తువ్వాలు ఏదే?"

"కోతి" అంది, చాటలో జొన్నలు చెరుగుతూ.

"చండూరుల కోతులెక్కడియే?"

"డేరా వచ్చినప్పుడు వస్తయి."

గొంతులో పావురం పలికింది, కొంచెమే.

నేను అరుగు మీదికి వచ్చి ఇది రాస్తున్నాను. రెండే దారులు. ఒకటి, ఆమె మళ్లీ పేర్లు మార్పించింది. రేపు నేను లేచి ఏం చెప్పినా తిరగబడుతుంది, ఆమె బొమ్మ ఆమె మనశ్శాంతిగా చూసుకుంటుంది. రెండోది, ఈసారి నా కోసం ఇచ్చింది. ఆనాటి తప్పు దిద్దడానికి ఖాజాను గట్టిగా పట్టుకుంది, పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచమని, ఎవడొచ్చి ఏమిచ్చినా ముట్టవద్దని. మొదటిదైతే నేను అక్షరాలు చూపించినదానికి ఎదురు చెప్పాలి. రెండోదైతే చూపించిందే చెప్పాలి. తప్పితే చచ్చేదాకా ఏడుపు నర్సును. ఒక తువ్వాలు ఎటు పోయిందో తెలియక ఒక మనిషి పరువు ఊగుతోంది.

అడగాలంటే నోరు రాదు. ఇంటి పెద్దను, పెండ్లాన్ని బతిమాలనా? రాసి చూపిద్దామంటే దానికి చదువు రాదు.

చదువు రాకపోతేనేం? అక్షరం ముక్క రాకుండా, ఎండకు పట్టి, నేను దేనికి లేస్తానో సరిగ్గా దాన్నే ఏరి తీసిన మనిషి. రేపు పొద్దున అంబలి పోసేటప్పుడు నా ముఖం దాని ఎదురుగా పెట్టుకొని కూర్చుంటాను. ఇందులో రాసిందంతా నా ముఖం మీద ఉంటుంది, కారే అక్షరాలతో, వెనక రెపరెపలాడే దీపంతో సహా. చదువుకోవాలి. చదువుకొని, అండాలూ, ఆ తువ్వాలు ఎవరి పక్షాన ఇచ్చావో బుధవారం దీపాలు పెట్టేలోపల నాకు చెప్పాలి. దీపాలు పెట్టాక చెప్తే చెల్లదు. అప్పటికి నేను డేరాలో నిలబడి ఉంటాను.